కెనడాలో ఫెడరల్, ప్రావిన్స్ సహాయ పథకాలు కలిసి పనిచేసే తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో స్థిరపడిన, స్థిరపడబోతున్న తెలుగు కుటుంబాలు ప్రభుత్వ సహాయం గురించి తరచుగా అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మనవాళ్లలో చాలామంది ఒంటారియోలో ఉంటున్నందున ఉదాహరణలు ఎక్కువగా ఆ ప్రావిన్సువే తీసుకున్నాం. పద్ధతి వేరుగా ఉన్నచోట క్యుబెక్, ఆల్బర్టాల సంగతి కూడా చెప్పాం. ప్రత్యేకంగా చెప్పకపోతే పిల్లల భృతికి సంబంధించిన అంకెలు 2025 జులై నుంచి 2026 జూన్ వరకు వర్తించేవి.

ఒకే దేశంలో రెండు ప్రభుత్వాలు విడివిడిగా సహాయం ఎందుకు చేస్తాయి?

1867 నాటి రాజ్యాంగ చట్టం ఆసుపత్రులను, ధర్మసంస్థలను ప్రావిన్సులకు అప్పగించింది. పేదలను ఆదుకోవడం స్థానిక వ్యవహారమని ఆనాటి భావన. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగుల భారాన్ని ప్రావిన్సులు మోయలేకపోయాయి. అందువల్ల 1940లో రాజ్యాంగాన్ని సవరించి నిరుద్యోగ బీమాను ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చారు. వృద్ధాప్య పింఛన్ల విషయంలో 1951లో మరో సవరణ వచ్చింది. అయితే ఈ రెండో సవరణలో ప్రావిన్సులు తమ సొంత పింఛను చట్టాలు చేసుకునే హక్కును వదులుకోలేదు. దేశమంతటికీ కెనడా పెన్షన్ ప్లాన్ ఉండగా క్యుబెక్ తన పింఛను పథకాన్ని విడిగా నడుపుకోగలుగుతున్నది ఆ హక్కు వల్లనే.

ఇలా విడతలవారీగా జరిగిన పంపకం ఫలితంగా ఈనాడు నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, పిల్లల భృతిలో పెద్ద భాగం ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. సోషల్ అసిస్టెన్స్ (వేరే ఆధారం లేనివారికి ఇచ్చే సహాయం), వైద్యం, శిశు సంరక్షణ కేంద్రాల లైసెన్సులు ప్రావిన్సుల చేతిలో ఉన్నాయి. వీటి నడుమ ఎక్కడ అతుకు ఉందో తెలియకపోవడం వల్లే చాలా కుటుంబాలు రావలసిన డబ్బు పోగొట్టుకుంటున్నాయి, లేదా తిరిగి కట్టవలసిన డబ్బు ఖర్చు చేసేస్తున్నాయి.

ఈ రెండు రకాల పథకాలు ఏయే విధాలుగా కలుస్తాయి?

ప్రధానంగా మూడు విధాలుగా కలుస్తాయి. మొదటి విధానంలో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మొత్తం మీద ప్రావిన్సు వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు తన వంతు కలుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలకు అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం 14,000 చేర్చడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రెండో విధానంలో ఫెడరల్ ప్రభుత్వం ప్రజలకు నేరుగా ఏమీ ఇవ్వదు. షరతులు పెట్టి ప్రావిన్సుకు నిధులు ఇస్తుంది, పథకాన్ని ప్రావిన్సే నడుపుతుంది. ప్రజలకు అంతగా తెలియనిది, ఎక్కువ చిక్కులు తెచ్చిపెట్టేది మూడోది. ఇందులో ఒక ప్రభుత్వం ఇచ్చిన మొత్తాన్ని రెండో ప్రభుత్వం ఆదాయంగా లెక్కవేసి తన సహాయంలోంచి తగ్గించుకుంటుంది. కొత్త పథకం గురించి విన్నప్పుడల్లా ఇది ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతుందని అడిగి తెలుసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

నెలనెలా 20వ తేదీ ప్రాంతంలో ఖాతాలో పడే పిల్లల డబ్బు ఏ ప్రభుత్వానిది?

ఒంటారియోలో అది రెండు ప్రభుత్వాలదీ కావచ్చు. 2016 జులైలో మొదలైన కెనడా చైల్డ్ బెనిఫిట్, అంటే సీసీబీ, ఫెడరల్ పథకం. ఒంటారియో చైల్డ్ బెనిఫిట్ ప్రావిన్సు పథకం. రెండింటినీ కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అంటే సీఆర్ఏ, లెక్కగట్టి ఒకే జమగా వేస్తుంది. ఒంటారియో భాగానికి విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు. సీసీబీకి దరఖాస్తు చేసుకుంటే చాలు. ఈ రెండు మొత్తాల మీదా పన్ను ఉండదు.

అయితే జమ ఒకటే అయినా లెక్కలు రెండు. సీసీబీ గరిష్ఠ మొత్తం ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 7,997 డాలర్లు, 6 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలకు 6,748 డాలర్లు. కుటుంబ నికర ఆదాయం 37,487 డాలర్లు దాటినప్పటి నుంచి ఇది తగ్గడం మొదలవుతుంది. ఒంటారియో భాగం గరిష్ఠంగా బిడ్డకు 1,727 డాలర్లు. అది ఇంకా ముందే, 26,364 డాలర్ల దగ్గరే తగ్గడం మొదలుపెడుతుంది.

నాలుగేళ్ల బిడ్డ ఒక్కరే ఉన్న కుటుంబానికి ఏడాది నికర ఆదాయం 40,000 డాలర్లు అనుకుందాం. ఫెడరల్ పరిమితికి మించిన 2,513 డాలర్ల మీద 7 శాతం, అంటే సుమారు 176 డాలర్లు తగ్గి, సీసీబీ ఏడాదికి 7,821 డాలర్లు వస్తుంది. ఒంటారియో పరిమితికి మించిన 13,636 డాలర్ల మీద 8 శాతం, అంటే 1,091 డాలర్లు తగ్గి, ఆ భాగం 636 డాలర్లకు చేరుతుంది. రెండూ కలిపితే నెలకు 705 డాలర్ల దాకా వస్తుంది. ఇదే కుటుంబం ఆదాయం 48,000 దాటితే ఒంటారియో భాగం పూర్తిగా ఆగిపోతుంది, ఫెడరల్ భాగం మాత్రం కొనసాగుతుంది. ఏ భాగం ఎంతో సీఆర్ఏ పంపే నోటీసులో విడివిడిగా రాసి ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఊహించుకోవడం కంటే ఆ నోటీసును ఒకసారి నింపాదిగా చదువుకోవడం మంచిది.

ఆల్బర్టా భృతిని కూడా సీఆర్ఏయే ఇస్తుంది. కానీ అది నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి, విడి జమగా వస్తుంది.

మేం పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద కొత్తగా వచ్చాం. మొదట బాగా వచ్చిన డబ్బు జులైలో ఒక్కసారిగా సగానికి తగ్గింది. సీఆర్ఏ పొరబడిందా?

చాలావరకు పొరపాటేమీ ఉండదు. పిల్లల భృతి సంవత్సరం జులైలో మొదలై మరుసటి జూన్‌లో ముగుస్తుంది. ఆ పన్నెండు నెలలకూ అంతకు ముందు క్యాలెండర్ సంవత్సరపు ఆదాయమే ఆధారం. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆ సంవత్సరం ఇండియాలో గడిచి ఉంటుంది కాబట్టి, అక్కడి జీతాన్ని కెనడా డాలర్లలోకి మార్చి దరఖాస్తుతోపాటు ఇచ్చే అనుబంధ పత్రంలో చూపాలి. హైదరాబాద్‌లో ఏడాదికి 12 లక్షల రూపాయలు సంపాదించిన కుటుంబానికి, డాలరుకు 60 రూపాయల చొప్పున వేసుకుంటే, అది 20,000 డాలర్లు. ఆ లెక్కన నాలుగేళ్ల బిడ్డకు రెండు భాగాలూ గరిష్ఠంగా, నెలకు 810 డాలర్లు వస్తాయి.

తర్వాత ఒక పూర్తి సంవత్సరం ఇక్కడ పనిచేసి 85,000 డాలర్ల నికర ఆదాయం చూపారనుకుందాం. పోలిక కోసం అవే రేట్లు వాడితే ఒంటారియో భాగం సున్నా అవుతుంది, సీసీబీ నెలకు 401 డాలర్లకు దిగుతుంది. ఈ తగ్గుదల ముందే తెలిసినదే కాబట్టి, మొదటి ఏడాది వచ్చే మొత్తాన్ని నమ్ముకుని కారు వాయిదాలో, ఇంటి అద్దెలో పెంచుకోకూడదు.

కొందరు సలహాదారులు ఇండియా ఆదాయం చూపనక్కర్లేదని చెబుతుంటారు. అది తప్పు. భార్యగానీ భర్తగానీ వీసా కోసం ఇండియాలోనే ఎదురుచూస్తున్నా, ఆ వ్యక్తి ఆదాయం కుటుంబ ఆదాయంలో కలుస్తుంది. రిటర్నులో వైవాహిక స్థితిని కూడా వివాహితులని రాయాలి.

వర్క్ పర్మిట్ మీద, స్టడీ పర్మిట్ మీద ఉన్నవారికి ఏమైనా వస్తుందా?

తాత్కాలిక నివాసులు కెనడాలో వరుసగా 18 నెలలు ఉండి, 19వ నెలలో చెల్లుబాటయ్యే పర్మిట్ కలిగి ఉంటే సీసీబీకి అర్హులవుతారు. పీఆర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఏడాదికి పైగా దరఖాస్తు పెట్టని కుటుంబాలు ఉన్నాయి. పన్ను లెక్కలో కెనడా నివాసిగా పరిగణన పొందే విద్యార్థికి పిల్లలు లేకపోయినా జీఎస్టీ క్రెడిట్ (అమ్మకపు పన్ను భారానికి ఊరటగా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మొత్తం) రావచ్చు. వచ్చిన సంవత్సరంలో దానికి ఆర్సీ151 అనే విడి ఫారం ఇవ్వాలి. ఓసాప్ వంటి విద్యార్థి సహాయం మాత్రం పౌరులకు, పీఆర్ ఉన్నవారికి, శరణార్థి రక్షణ పొందినవారికే.

ఆదాయమే లేనప్పుడు పన్ను రిటర్ను ఎందుకు వేయాలి?

పైన చెప్పిన మూడు విధానాలకూ తాళంచెవి ఆ రిటర్నే. ఫెడరల్ ప్రభుత్వం, ప్రావిన్సు ఒకే నికర ఆదాయపు అంకెను చూస్తాయి. ఆ అంకె రిటర్నులోంచే వస్తుంది. దంపతులలో ఒకరు వేసి మరొకరు వేయకపోయినా కుటుంబ ఆదాయం తేలదు, కాబట్టి జులై నుంచి డబ్బు ఆగిపోతుంది. ఇంటిపట్టున ఉన్న భార్యకు ఆదాయం లేదు కదా అని ఆమె రిటర్ను వదిలేయడం మన కుటుంబాల్లో తరచుగా జరిగే పని. పిల్లల భృతి సాధారణంగా ఆమె పేరునే వస్తుంది కాబట్టి నష్టం కూడా ముందు ఆమెకే.

అమ్మకపు పన్ను, ఇంధన, ఆస్తి పన్ను భారంలో కొంత తిరిగి ఇచ్చే ఒంటారియో ట్రిలియం బెనిఫిట్ విషయంలో మరో మెలిక ఉంది. జీఎస్టీ క్రెడిట్‌కు రిటర్ను వేస్తే చాలు, సీఆర్ఏయే అర్హత చూస్తుంది. ట్రిలియంలోని అమ్మకపు పన్ను భాగమూ అంతే. కానీ ఇంధన, ఆస్తి పన్ను భాగం కావాలంటే రిటర్నుతోపాటు ఓఎన్-బెన్ ఫారం నింపి, ఆ ఏడాది కట్టిన అద్దె, ఇంటి చిరునామా, యజమాని పేరు రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క పేజీ వదిలేసినందుకు ఏటా కొన్ని వందల డాలర్లు పోగొట్టుకునేవారు ఉంటారు. బేస్‌మెంట్‌లో అద్దెకున్నవారు కూడా రసీదులు దాచుకోవాలి, ఎందుకంటే సీఆర్ఏ తర్వాత ఆధారాలు అడగవచ్చు. ఈ డబ్బు ప్రావిన్సుదే అయినా జమ చేసేది సీఆర్ఏ. తేదీ నెలకు 10, ఏడాది మొత్తం 360 డాలర్లు మించకపోతే ఒకేసారి జులైలో ఇస్తారు.

తక్కువ ఆదాయం, సాదా లెక్కలు ఉన్నవారికి స్వచ్ఛంద సేవకులు ఉచితంగా రిటర్ను వేసిపెట్టే కమ్యూనిటీ క్లినిక్‌లు వసంతకాలంలో గ్రంథాలయాల్లో, కమ్యూనిటీ కేంద్రాల్లో నడుస్తాయి.

ఓవర్‌టైమ్ చేస్తే రెండు వైపులా కోత పడుతుందని అంటారు. నిజమేనా?

నిజమే, కానీ ఎంతన్నది చూడాలి. ఒక బిడ్డ ఉన్న 40,000 డాలర్ల కుటుంబం మరో 1,000 డాలర్లు సంపాదిస్తే సీసీబీలో 70 డాలర్లు, ఒంటారియో భాగంలో 80 డాలర్లు తగ్గుతాయి. ఇద్దరు పిల్లలుంటే ఫెడరల్ కోత 13.5 శాతం కాబట్టి 135 డాలర్లు, ప్రావిన్సు కోత అదే 80. దీనికి ఆదాయపు పన్ను, పెన్షన్ చందా, ఈఐ (నిరుద్యోగ బీమా) చందా కూడా చేరతాయి. విడివిడిగా చూస్తే చిన్నవిగా కనిపించే రేట్లు ఒకే ఆదాయం మీద పేరుకుంటాయి. రెండు ప్రభుత్వాలూ తమ తమ రేటును విడిగా నిర్ణయించుకోవడం వల్ల ఈ మొత్తానికి పూచీ ఎవరిదీ కాకుండా పోతోంది. వ్యవస్థలో ఇది అసలైన లోపమని మా అభిప్రాయం.

అంతమాత్రాన పని మానుకోవడం తెలివైన పని కాదు. అదనంగా వచ్చిన దాంట్లో కొంత కచ్చితంగా చేతిలో మిగులుతుంది. కోతను తగ్గించుకునే చట్టబద్ధమైన దారి ఆర్ఆర్ఎస్పీ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా. అందులో వేసిన మొత్తం నికర ఆదాయంలోంచి తీసివేత అవుతుంది కాబట్టి పన్ను తగ్గడమే కాకుండా మరుసటి జులై నుంచి పిల్లల భృతి రెండు భాగాల్లోనూ పెరుగుతుంది. పన్ను లేని పొదుపు ఖాతా అయిన టీఎఫ్ఎస్ఏలో వేస్తే ఈ లాభం ఉండదు.

సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటున్నవారికి ఫెడరల్ డబ్బు వస్తే ఏమవుతుంది?

ప్రావిన్సులు నడిపే సోషల్ అసిస్టెన్స్ చిట్టచివరి ఆసరా. ఒంటారియోలో దీన్ని ఒంటారియో వర్క్స్ అని, వైకల్యం ఉన్నవారికి ఇచ్చేదాన్ని ఓడీఎస్పీ అని అంటారు. వేరే ఎక్కడ నుంచి రాగల డబ్బు ఉన్నా ముందు దానికి దరఖాస్తు చేసుకోమని ప్రావిన్సు చెబుతుంది. ఆ డబ్బు వచ్చాక తన సహాయంలోంచి తగ్గిస్తుంది. నిరుద్యోగ భృతి అయిన ఈఐ, పెన్షన్ ప్లాన్ కింద వచ్చే వైకల్య పింఛను వస్తే ఆ సహాయం ఇలా డాలరుకు డాలరు తగ్గిపోతుంది. ఓడీఎస్పీ పొందే వ్యక్తికి నెలకు 700 డాలర్ల వైకల్య పింఛను మంజూరైతే ఓడీఎస్పీ 700 తగ్గుతుంది, చేతికి వచ్చే మొత్తం మారదు. ఆ వ్యక్తే ఉద్యోగం చేసి 700 డాలర్లు సంపాదిస్తే మాత్రం కోత ఉండదు, ఎందుకంటే నెలకు మొదటి 1,000 డాలర్ల సంపాదనకు మినహాయింపు ఉంది. ఏళ్ల తరబడి జీతంలోంచి చందా కట్టి సంపాదించుకున్న పింఛనును పూర్తిగా కోసి, కొత్త సంపాదనను వదిలేయడం చందాదారులకు అన్యాయంగా తోచడంలో వింతేమీ లేదు.

అన్ని ఫెడరల్ మొత్తాలకూ ఇదే గతి పట్టదు. 1998లో వచ్చిన పాత పిల్లల భృతి సప్లిమెంటును సోషల్ అసిస్టెన్స్‌లోంచి తగ్గించుకునే వీలు ప్రావిన్సులకు ఉండేది, చాలా ప్రావిన్సులు అలాగే చేశాయి. 2016లో సీసీబీ వచ్చినప్పుడు దాన్ని కోయబోమని ప్రావిన్సులు ఒప్పుకున్నాయి. కాబట్టి ఈనాడు ఒంటారియో వర్క్స్ మీద ఉన్న తల్లికి సీసీబీ పూర్తిగా దక్కుతుంది.

2025 జులైలో చెల్లింపులు మొదలైన కెనడా డిజెబిలిటీ బెనిఫిట్ దగ్గర ఈ అతుకు స్పష్టంగా కనిపించింది. 18 నుంచి 64 ఏళ్లవారికి నెలకు గరిష్ఠంగా 200 డాలర్లు ఇచ్చే ఈ పథకానికి ముందుగా డిజెబిలిటీ ట్యాక్స్ క్రెడిట్ మంజూరై ఉండాలి. దాని ఫారంలో వైద్యుడు లేదా అర్హత ఉన్న మరో వైద్య నిపుణుడు ధ్రువీకరించాలి. ఒంటారియో ఈ 200 డాలర్లను ఓడీఎస్పీ లెక్కలో ఆదాయంగా చూడటం లేదు. ఆల్బర్టా మాత్రం తన వైకల్య భృతి అయిన ఏఐష్‌లోంచి దాన్ని తగ్గించుకుంటోంది. అంటే ఒట్టావా, అంటే ఫెడరల్ ప్రభుత్వం, ఇచ్చిన డబ్బు వైకల్యం ఉన్న వ్యక్తికి కాకుండా ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా ఖజానాకు చేరుతోంది. ఒకే పథకం, ఒకే అర్హత, ఫలితం మాత్రం నివాసాన్ని బట్టి ఉంటోంది.

స్పాన్సర్ చేసి తెచ్చుకున్న అమ్మానాన్నలకు పింఛను ఎప్పుడు వస్తుంది?

ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ పింఛనుకు 65 ఏళ్లు నిండాలి, 18 ఏళ్లు దాటాక కెనడాలో కనీసం పదేళ్ల నివాసం ఉండాలి. పూర్తి పింఛనుకు 40 ఏళ్ల నివాసం కావాలి. పదేళ్లకు అందులో నాలుగో వంతు వస్తుంది. 60 ఏళ్ల వయసులో పీఆర్‌గా వచ్చిన తండ్రికి సాధారణంగా 70వ ఏట మొదలవుతుందన్నమాట. సూపర్ వీసా మీద సందర్శకులుగా గడిపిన కాలం ఈ లెక్కలోకి రాదు.

భారత్, కెనడాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. ఇండియాలో ఈపీఎఫ్‌తో ముడిపడిన ఉద్యోగుల పింఛను పథకంలో ఉన్న కాలాన్ని పదేళ్ల కనీస అర్హత కోసం కలుపుకునే వీలు దానివల్ల ఉంది. కానీ పింఛను మొత్తాన్ని మాత్రం కెనడాలో ఉన్న ఏళ్లకే లెక్కగడతారు.

పింఛను మొదలయ్యాక తక్కువ ఆదాయం ఉన్నవారికి జీఐఎస్ అనే ఫెడరల్ సప్లిమెంటు వస్తుంది. నివాసపు ఏళ్లు తక్కువై పింఛను కొంతే వచ్చేవారికి ఆ లోటును జీఐఎస్ చాలావరకు పూడుస్తుంది. దాని పైన ఒంటారియో తన గెయిన్స్ పథకం కింద కొంత మొత్తం విడిగా దరఖాస్తు అడగకుండానే కలుపుతుంది. ఆల్బర్టాలో వృద్ధుల భృతికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ వరుసలో మొదటి మెట్టు తప్పితే పై మెట్లు కూడా అందవు, కాబట్టి జీఐఎస్ దరఖాస్తును, ఏటా పన్ను రిటర్నును మరిచిపోకూడదు.

ఇక్కడ మనవాళ్లు పొరబడేది ఇండియా ఆదాయం దగ్గరే. రిటైరైన ఉపాధ్యాయుడికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే పింఛను, విజయవాడలోని ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ జీఐఎస్ లెక్కలో ఆదాయమే. ఒంటరి వ్యక్తికి సాధారణంగా డాలరు ఆదాయానికి 50 సెంట్ల చొప్పున జీఐఎస్ తగ్గుతుంది. జీఐఎస్ తగ్గితే దాన్ని ఆధారం చేసుకున్న గెయిన్స్ కూడా తగ్గుతుంది.

పదేళ్లు నిండేలోగా తల్లిదండ్రులు ప్రావిన్సు సోషల్ అసిస్టెన్స్‌కు వెళితే సంగతి వేరు. క్యుబెక్ బయట తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ పూచీ 20 ఏళ్లు. ఆ గడువులో వారికి ప్రావిన్సు ఇచ్చిన సోషల్ అసిస్టెన్స్ స్పాన్సర్ చేసిన కొడుకు లేదా కూతురి అప్పుగా మారుతుంది. ఆ అప్పు తీరేదాకా మరొకరిని స్పాన్సర్ చేయడం కుదరదు. సీసీబీ, జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నందుకు మాత్రం స్పాన్సర్‌షిప్‌కు ఏ అడ్డంకీ ఉండదు.

అమ్మానాన్నలు సంక్రాంతికి వెళ్లి ఏడెనిమిది నెలలు ఊళ్లోనే ఉంటే?

ఆరు నెలలు దాటితే జీఐఎస్ ఆగుతుంది. 18 ఏళ్లు దాటాక కెనడాలో 20 ఏళ్ల నివాసం లేనివారికి మూల పింఛను కూడా అంతే. ఈ లెక్కతో సంబంధం లేకుండా ప్రావిన్సుకు తన నియమం ఉంది. ఒంటారియో ఆరోగ్య బీమా కొనసాగాలంటే ఏ 12 నెలల కాలంలోనైనా 153 రోజులు ప్రావిన్సులో ఉండాలి. విమానం టికెట్ కొనేముందు రెండు లెక్కలూ విడివిడిగా చూసుకోవాలి. ప్రయాణం సంగతి ఫెడరల్ పింఛన్లు చూసే సర్వీస్ కెనడాకు ముందే చెప్పాలి, లేకపోతే ఎక్కువగా వచ్చిన డబ్బును తర్వాత తిరిగి కట్టమంటారు.

వైద్యం, దంతవైద్యం, డేకేర్ ఏ ప్రభుత్వం కిందికి వస్తాయి?

వైద్యం ప్రావిన్సుది. ఫెడరల్ ప్రభుత్వం నిధులు ఇస్తుంది, 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ షరతులు మీరితే ఆ నిధుల్లో కోత వేస్తుంది. దంతవైద్యంలో మాత్రం ఒట్టావా నేరుగా దిగింది. కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్ 90,000 డాలర్ల లోపు కుటుంబ ఆదాయం ఉండి, వేరే దంత బీమా అందుబాటులో లేనివారికి వర్తిస్తుంది. ప్రావిన్సు దంత పథకంలో ఉన్నంత మాత్రాన దీనికి అనర్హులు కారు, రెండింటినీ సమన్వయం చేసి చెల్లిస్తారు. ఉద్యోగం ఇచ్చే బీమాను కావాలని వద్దనుకున్నవారికి మాత్రం ఇది రాదు. మందుల విషయంలో బ్రిటిష్ కొలంబియా, మానిటోబా, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్, యూకాన్ 2025లో ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నాయి.

డేకేర్ రెండో విధానానికి చక్కని నమూనా. 2021లో ఫెడరల్ ప్రభుత్వం రోజుకు పది డాలర్ల లక్ష్యం పెట్టి, ఆ ఏడాది, 2022లో ప్రావిన్సులతో ఒప్పందాలు చేసుకుంది. ఒంటారియోలో ఆ పథకంలో చేరిన కేంద్రాల్లో 2025 జనవరి నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు రోజుకు 22 డాలర్లకు మించి తీసుకోకూడదు. ఆల్బర్టాలో 2025 ఏప్రిల్ నుంచి పూర్తికాలపు రుసుము నెలకు 326 డాలర్ల 25 సెంట్లు. తల్లిదండ్రులకు నేరుగా డబ్బు రాదు, కేంద్రం వేసే బిల్లు తగ్గుతుంది. పథకంలో చేరని కేంద్రానికి ఈ పరిమితి వర్తించదు కాబట్టి చేర్పించే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగాలి. అసలు కష్టం సీటు దొరకడమే.

క్యుబెక్‌లో ఉంటే ఏం మారుతుంది?

చాలా మారుతుంది. రెండు పన్ను రిటర్నులు వేయాలి, ఒకటి సీఆర్ఏకు, మరొకటి రెవెన్యూ క్యుబెక్‌కు. సీసీబీ ఒట్టావా నుంచి వస్తుంది, ప్రావిన్సు కుటుంబ భృతి మాత్రం రెట్రైట్ క్యుబెక్ నుంచి వేరుగా వస్తుంది. ప్రసూతి, పేరెంటల్ సెలవు ఈఐ కింద కాకుండా 2006 నుంచి నడుస్తున్న క్యుబెక్ పేరెంటల్ ఇన్సూరెన్స్ కింద ఉంటుంది. విద్యార్థి సహాయంలో కూడా ఫెడరల్ పథకంలోంచి తప్పుకుని సొంతంగా నడుపుకుంటుంది. మాంట్రియల్‌లో ఉన్న బంధువుల అనుభవాన్ని టొరంటోలోనివారు, అక్కడివారు ఇక్కడివారి అనుభవాన్ని నమూనాగా తీసుకోకపోవడం మంచిది.

ఉద్యోగం మారి ఒంటారియో నుంచి కాల్గరీకి వెళ్తున్నాం. ఏవి ఆగుతాయి?

సీసీబీ, జీఎస్టీ క్రెడిట్ ఆగవు, చిరునామా మార్చాలి అంతే. ఒంటారియో చైల్డ్ బెనిఫిట్, ట్రిలియం ఆగిపోయి ఆల్బర్టా పథకాల అర్హత చూస్తారు. ఆ ఏడాది ప్రావిన్సు పన్ను ఎవరికన్నది డిసెంబరు 31న ఎక్కడ నివాసం ఉన్నారన్నదాన్ని బట్టి తేలుతుంది, అంతవరకు ఒంటారియోలో గడిపిన నెలలను బట్టి కాదు. ఆరోగ్య బీమా మారేందుకు మూడు నెలల దాకా పట్టవచ్చు. అంతవరకు పాత ప్రావిన్సు కార్డు పనిచేస్తుంది కాబట్టి దాన్ని పారేయవద్దు.

ఎక్కువగా ఇచ్చామని, తిరిగి కట్టమని ఉత్తరం వచ్చింది. ఏం చేయాలి?

ముందు కారణం చూడాలి. పెళ్లి లేదా పన్నెండు నెలల సహజీవనం వంటి మార్పును మరుసటి నెలాఖరులోగా సీఆర్ఏకు తెలపాలి. విడిపోయిన సందర్భంలో 90 రోజులు గడిచాక తెలపాలి. ఆలస్యం చేస్తే పాత నెలలకు తిరిగి లెక్కగట్టి ఫెడరల్, ప్రావిన్సు భాగాలు రెండింటిలోనూ బాకీ చూపిస్తారు, రాబోయే చెల్లింపుల్లోంచి పట్టుకుంటారు. తక్కువగా వచ్చిన సందర్భంలోనూ ఇదే దారి. సీసీబీని పదేళ్ల వెనక్కి వెళ్లి అడిగే వీలుంది.

నిర్ణయం తప్పనిపిస్తే ఎవరికి అప్పీలు చేయాలన్నది ఉత్తరం పైనున్న కార్యాలయం పేరును బట్టి ఉంటుంది. సీఆర్ఏ నోటీసు అయితే, అందులో ఉన్నది ఒంటారియో డబ్బే అయినా, 90 రోజుల్లో సీఆర్ఏకే అభ్యంతరం తెలపాలి. ఈఐ నిర్ణయమైతే 30 రోజుల్లో సర్వీస్ కెనడాను పునఃపరిశీలన కోరాలి, అక్కడా తేలకపోతే ఆ తర్వాతి అప్పీలుకు వెళ్లాలి. వృద్ధాప్య పింఛను మీదనైతే పునఃపరిశీలనకు 90 రోజులు ఉంటాయి. ఒంటారియో వర్క్స్, ఓడీఎస్పీ నిర్ణయాల మీద మాత్రం 30 రోజుల్లో అంతర్గత సమీక్ష కోరి, తర్వాత ప్రావిన్సుకు చెందిన సోషల్ బెనిఫిట్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఓడీఎస్పీ కోతకు మూలం ఫెడరల్ వైకల్య పింఛను అయినప్పుడు ఫెడరల్ కార్యాలయానికి ఉత్తరం రాసి ఎదురుచూస్తే ప్రావిన్సు దగ్గర గడువు దాటిపోతుంది, కాబట్టి కోత వేసిన కార్యాలయానికే ముందు రాయాలి.